పూడిమడక యువత – భారీ వాహన చోదక అర్హత

అనకాపల్లి జిల్లాలోని పూడిమడక మత్స్యకార గ్రామం. సమీపంలోని అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి, 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన హరిత హైడ్రోజన్ కేంద్రం వల్ల లారీ డ్రైవింగు వేటకు తోడుగా మరో ఉపాధి కాగలదు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహన లైసెన్సు పొంది ఏడాది గడిచాకే ఎల్.ఎల్.ఆర్. లభిస్తుంది. ఎనిమిదో తరగతి నిబంధనను 2019లో తొలగించడంతో బడి మానినవారికీ దారి ఏర్పడింది.

అయితే ప్రమాదకర రసాయనాలు తరలించేవారికి 1989 నాటి కేంద్ర నియమావళిలోని 9వ నియమం వర్తిస్తుంది. దాని ప్రకారం ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. మూడు రోజుల ప్రత్యేక శిక్షణ పూర్తిచేయాలి. ట్యాంకరుపై హెచ్చరికను చదవలేకపోతే ముప్పు డ్రైవరుకే కాదు, దారిలోని ఊళ్లకూ ఉంటుంది. కాబట్టి ఇక్కడి శిక్షణలో స్టీరింగుతోపాటు అక్షరానికీ చోటుండాలి.