అబ్బాయి, అబ్బాయి మధ్య లవ్ స్టోరీ.. గీసేది, చదివేది ఎక్కువగా అమ్మాయిలే! అసలేంటీ ‘బీఎల్’?

రీల్స్ చూస్తుంటే ఇద్దరు అబ్బాయిలు ప్రేమగా చూసుకునే యానిమే క్లిప్పులు ఎప్పుడో ఒకప్పుడు కంటపడే ఉంటాయి. కింద ‘బీఎల్’ అనే ట్యాగ్ ఉంటుంది. బీఎల్ అంటే బాయ్స్ లవ్. ఫోన్, డేటా ఉంటే చాలు.. జగిత్యాల జిల్లా బీర్పూర్‌లో కూర్చుని కూడా టోక్యో కథలు చూసేయొచ్చు. ఇంతకీ ఈ కథలు ఎక్కడ పుట్టాయి?

దీనికి 50 ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. 1970ల్లో జపాన్‌లో అమ్మాయిల కామిక్స్‌లోకి కొందరు యువ మహిళా ఆర్టిస్టులు వచ్చారు. వారిలో కెయ్‌కో తకెమియా, మోటో హగియో ముఖ్యులు. 1974లో హగియో ‘ది హార్ట్ ఆఫ్ థామస్’ గీశారు. తకెమియా ‘కాజే టు కి నో ఉటా’ను అచ్చు వేయడానికి ఎడిటర్లు ఏళ్ల తరబడి జంకారు. చివరికి 1976లో అది మొదలైంది.

మరి హీరోయిన్ ఎందుకు లేదు? అప్పటి కథల్లో అమ్మాయి అంటే ఇలాగే ఉండాలనే గిరి ఉండేది. అబ్బాయి పాత్రలైతే ఆ కట్టుబాట్లు ఉండవు. కోరిక, కోపం, ధైర్యం అన్నీ చూపించొచ్చు. పాఠకురాలు కూడా బెరుకు లేకుండా చదువుకోవచ్చు. అందుకే ఈ కథలు అమ్మాయిలకు అంతగా నచ్చాయి.

1975లో టోక్యోలో ‘కామికెట్’ అనే సంత మొదలైంది. అభిమానులు సొంతంగా అచ్చు వేసుకున్న కామిక్స్ అక్కడ అమ్ముకునేవారు. 1990లకు పెద్ద పబ్లిషర్లు కూడా దిగడంతో ‘బాయ్స్ లవ్’ అనే పేరు స్థిరపడింది. 2019లో వచ్చిన ‘గివెన్’ యానిమే ప్రేమికుడిని పోగొట్టుకున్న కుర్రాడు ఆ బాధను పాటగా మార్చుకునే కథ.

అయితే విమర్శలూ ఉన్నాయి. 1992లో జపాన్‌లో ఒక గే యాక్టివిస్ట్ గట్టిగానే నిలదీశారు. తమ జీవితాలను వినోదం చేసి, అసలు కష్టాలను మాత్రం వదిలేస్తున్నారన్నది ఆయన బాధ. ఆ మాటపై ఏళ్లపాటు చర్చ నడిచింది. తర్వాతి కాలంలో కుటుంబం, ఉద్యోగం, సమాజం గురించి మాట్లాడే బీఎల్ కథలు పెరిగాయి. కానీ ఇన్ని ప్రేమకథలు గీసిన జపాన్‌లోనే స్వలింగ వివాహాలకు దేశవ్యాప్త చట్టబద్ధత ఇంకా లేదు.

మన దగ్గర సంగతేంటి? 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377పై తీర్పు ఇచ్చింది. ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. 2021 డిసెంబర్‌లో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో పెద్దలు, స్నేహితుల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. ఆ బంధానికి చట్టపరమైన గుర్తింపు కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశమంతా చూసిన ఆ కేసు సుప్రియో పేరుతోనే నడిచింది. 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జిల ధర్మాసనం అలాంటి పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమని, అది చట్టసభలు తేల్చాల్సిన విషయమని చెప్పింది.

తెరమీద జంట చివరి ఎపిసోడ్‌లో ఒక్కటైపోతుంది. బయట మాత్రం అద్దె ఇల్లు దొరకడం దగ్గర్నుంచి ఆస్పత్రిలో సంతకం పెట్టేదాకా అన్నీ ప్రశ్నలే. అందుకే బీఎల్ చూసి బాగుందని లైక్ కొట్టేవారు ఆ కథల వెనుక నిజం మనుషులు ఉన్నారన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.