ఎవరు చెప్పారు? ఎవరు చూశారు?



2018వ సంవత్సరము, వేసవి కాలము. ఝరాసంగం చుట్టుపక్కల పల్లెలలో ఆరుబయట మంచాలు వేసుకొని పడుకొనే రోజులు. ఒక సాయంత్రము మా ఫోనుకు ఒక వాట్సాప్ సందేశము వచ్చింది. ఉత్తరాది నుండి పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, బిచ్చగాళ్ళ వేషములో తిరుగుతున్నారని, పిల్లల అవయవములు కోసి అమ్ముకుంటున్నారని, పత్రికలవారు ఈ సంగతి దాచిపెడుతున్నారని దాని సారాంశము. పంపినవాడు మాకు బాగా తెలిసిన విశ్వాసి. మేము ఇంకేమీ అడగలేదు. దానిని మరి కొందరికి పంపాము. ఆ రాత్రి గృహ ప్రార్థన కూటములో తల్లులందరికీ హెచ్చరికగా చెప్పాము కూడా.

వారము తిరగకముందే వెంట్రుకలకు గిన్నెలు అమ్ముకొనే ఒక ముసలమ్మను దగ్గరి ఊరిలో జనము చుట్టుముట్టారు. ఆమె గంప లాగి పారేశారు. ఊరి పెద్దలు అడ్డుపడబట్టి ఆమె ప్రాణముతో బయటపడింది. ఆ గుంపులో మా సంఘపు స్త్రీ ఒకామె కూడా ఉంది. "ఎందుకమ్మా ఇట్లా చేశారు?" అని అడిగితే ఆమె మా ముఖము చూసి, "మీరే గద అయ్యగారూ మొన్న జెప్పిండ్రు" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

పొరుగు జిల్లాలో పోయిన ప్రాణము

ముసలమ్మ బ్రతికింది. అందరూ బ్రతకలేదు. అదే సంవత్సరము మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇదే అనుమానముతో గుంపు కొట్టగా ఒకరు చనిపోయారు. జూలై 13న మన పొరుగునే ఉన్న బీదరు జిల్లాలో హైదరాబాదు యువకుడొకడు హతుడయ్యాడు. అతడు స్నేహితులతో కలిసి కారులో ఒక మిత్రుని ఊరికి వచ్చాడు. వారిలో ఖతార్ దేశస్థుడు కూడా ఉన్నాడు. దారిలో కనబడిన పిల్లలకు ముద్దుగా చాక్లెట్లు ఇచ్చారు. అంతే! పిల్లల దొంగలన్న కేక లేచింది. వారు భయపడి కారెక్కి బయలుదేరితే, వారికన్నా ముందే వాట్సాప్ సందేశము ముర్కి అనే గ్రామము చేరింది. అక్కడ దారికి అడ్డము పెట్టారు. కారు ప్రక్కకు పడిపోయింది. గుంపు వారిమీద పడింది. కాపాడబోయిన పోలీసులకు కూడా గాయాలయ్యాయి. తరువాత పోలీసులు గ్రామస్థులను అనేకులను అరెస్టు చేశారు. వారిలో వాట్సాప్ గ్రూపు నడిపిన వ్యక్తి కూడా ఉన్నాడు.

ఆ అరెస్టయినవారు దొంగలు కారు, రౌడీలు కారు. మన వంటి రైతులు, కూలీలు, బిడ్డల తండ్రులు. బిడ్డల మీది ప్రేమతోనే బయలుదేరి హంతకులనిపించుకున్నారు. అబద్ధము చేసే పని ఇదే గదా! అది మనలోని మంచిని పట్టుకొని చెడు చేయిస్తుంది.

వీడియోలో మిగిలిన సగము

"మేము కళ్ళారా వీడియో చూశాము" అని ఆ రోజులలో చాలమంది వాదించారు. మోటారు సైకిలు మీద వచ్చినవారు వీధిలో ఆడుకొనే బిడ్డను ఎత్తుకుపోయే దృశ్యమది. నిజానికి అది పాకిస్తానులోని కరాచీలో పిల్లల భద్రత కొరకు తీసిన ప్రకటన. పూర్తి వీడియోలో వారు వెనుకకు వచ్చి బిడ్డను దింపివేస్తారు. జాగ్రత్త చెప్పే అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగము కత్తిరించారు. సగము నిజము నిండు అబద్ధమైంది.

రాజకీయ పుకార్లకు కూడా ఇదే అచ్చు. ఒక రహస్య ముఠా ఉంటుంది. దాని వెనుక ఒక మతమో, కులమో, దేశమో ఉంటుంది. "పత్రికలు చెప్పవు, మీరే అందరికీ పంపండి" అని ముగుస్తుంది. పత్తికి ధర రాకపోవడానికి, చదివిన కొడుకుకు ఉద్యోగము దొరకకపోవడానికి ఎన్నో కారణములుంటాయి. వాటిని విచారించడము కష్టము. కుట్ర కథ ఆ కష్టమంతా తప్పించి ఒక్క ముఖము చూపించి "వీడే శత్రువు" అంటుంది. పని చేసి ఓటు అడగడము కన్న భయపెట్టి ఓటు అడగడము సులువని కొందరు ఎరుగుదురు.

2020లో కరోనా వచ్చినప్పుడు, ఢిల్లీలో జరిగిన తబ్లీగీ సమావేశము తరువాత, ముస్లింలు కావాలనే రోగము అంటిస్తున్నారని సందేశములు దేశమంతా తిరిగాయి. కొన్నిచోట్ల ముస్లింల బండి దగ్గర కూరగాయలు కొనడము మానేశారు. ఆ సమావేశమునకు వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులను అదే ఏడు ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. తీర్పు వచ్చింది గాని, తీర్పును ఫార్వర్డ్ చేసినవారెందరు?

మనము కూడా నిర్దోషులము కాము. మరుసటి సంవత్సరము టీకాలో మృగము ముద్ర ఉన్నదని విశ్వాసుల మధ్యనే ప్రచారము జరిగింది.

మన మీద కూడా

క్రైస్తవులకు ఈ సంగతి క్రొత్త కాకూడదు. క్రీ.శ. 64లో రోము నగరము తగలబడినప్పుడు నీరో చక్రవర్తి ఆ నింద క్రైస్తవుల మీద మోపాడు. జనము నమ్మారు. అంతకు ముందే శిష్యులు ప్రభువు దేహమును దొంగిలించారని చెప్పుటకు కావలివారికి లంచమిచ్చిన సంగతి మత్తయి 28వ అధ్యాయములో ఉన్నది. ఈ దినము సువార్తికుడు సంచి తగిలించుకొని క్రొత్త ఊరికి పోతే అక్కడ అతడు కూడా తెలియని మనిషే. ముసలమ్మ మీద చల్లిన అనుమానము రేపు అతని మీద పడదా?

మనమేమి చేద్దాము?

ఇదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికి పోలీసులను పంపి, గ్రామస్థులతో కూర్చోబెట్టి, డప్పు కళాకారులచేత పాటలు పాడించి పుకార్లను ఎదుర్కొన్నారు. మన ఝరాసంగం మండలములోనే మాచ్నూరులో 2008లో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో మొదలైంది. అందులో మాట్లాడేది ఎవరో వినేవారికి తెలుసు. తప్పు చెబితే ఇంటికి పోయి అడగవచ్చు. ఊరు పేరు లేని సందేశమును ఎవరిని అడుగుతాము?

కనుక ఏ సందేశము వచ్చినా మొదట మూడు ప్రశ్నలు వేద్దాము. ఎవరు చెప్పారు? ఎవరు చూశారు? ఎప్పుడు, ఎక్కడ? జవాబు లేకుంటే అది మన దగ్గరే ఆగిపోవాలి. నిజముగా అనుమానము కలిగితే 100కో 112కో ఫోను చేయాలి గాని గుంపును పిలువకూడదు. ఇంట్లో తల్లిదండ్రులు, పిల్లలు ఫోనులో వచ్చినదానిని కలిసి చదివి మాట్లాడుకోవాలి. పొరపాటున పంపి ఉంటే, పంపినవారందరికీ "అది అబద్ధము, క్షమించండి" అని తిరిగి పంపాలి. ఇది అన్నిటికన్న కష్టము.

నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటి వచనము పుకారు పుట్టించవద్దని, అన్యాయపు సాక్ష్యముతో చేయి కలపవద్దని మనలను వారిస్తుంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలన్నారు. ఇప్పుడు వేలు జారినా అంతే.

ఆ తరువాతి ఆదివారము మేము సంఘము ఎదుట నిలబడి, విచారించకుండా చెప్పినందుకు క్షమాపణ అడిగాము. ముసలమ్మను వెదికాము. ఆమె మరల ఆ ఊరికి రాలేదు.