ఫొటో పెట్టి బ్లాక్‌మెయిల్.. పిల్లలు ఇంట్లో ఎందుకు చెప్పరు? చెప్పిన వెంటనే మీరు చేయాల్సిందేంటి?

రాత్రి పదకొండు దాటాక పిల్లాడి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. 'గంటలో డబ్బు పంపకపోతే ఈ ఫొటో మీ క్లాస్ గ్రూప్‌లో పెడతా'. ఆ ఫొటో నిజంగా ఆ పిల్లాడిదే కావొచ్చు. లేదంటే ఇన్‌స్టాలో పెట్టుకున్న మామూలు ఫొటోను తీసుకుని ఏఐ యాప్‌తో నగ్నంగా మార్చిందీ కావొచ్చు. పిల్లాడికి మాత్రం రెండూ ఒకటే. పక్క గదిలో అమ్మానాన్న ఉన్నా లేపడు. ఫోన్ లాక్కుంటారని, కొడతారని, 'నీకు ముందే చెప్పానా' అంటారని భయం. బెదిరించేవాడు నమ్ముకున్నది కూడా ఈ భయాన్నే.

అందుకే ఆన్‌లైన్ సేఫ్టీ అంటే ఏ యాప్ వేయాలి, ఏది బ్లాక్ చేయాలి అన్న దగ్గరే ఆగిపోతే లాభం లేదు. పిల్లలు వచ్చి చెప్పిన మొదటి పది నిమిషాల్లో ఇంట్లోవాళ్లు, స్కూల్‌వాళ్లు ఎలా ఉంటారన్నదే ఇక్కడ అసలు పాయింట్.

అసలు ఇది ఎలా మొదలవుతుందంటే..

చాలాసార్లు గేమ్ చాట్‌లోనో, ఇన్‌స్టా రిక్వెస్ట్‌తోనో మొదలు. అవతలి ప్రొఫైల్‌లో పిల్లల వయసు వాళ్ల ఫొటోనే ఉంటుంది. రెండు రోజులు సరదా కబుర్లు. ఆ తర్వాత 'ఇక్కడ వద్దు, వేరే యాప్‌లోకి రా' అంటారు. అక్కడ ఫొటోనో, వీడియో కాలో అడుగుతారు. ఈలోపే పిల్లల ఫాలోయర్ల లిస్ట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు. బెదిరింపు మెసేజ్‌లో అన్నయ్య పేరు, ట్యూషన్ సార్ పేరు కనిపిస్తాయంటే కారణం ఇదే. వాడు హ్యాకర్ ఏమీ కాదు.. అకౌంట్ ప్రైవేట్‌గా లేకపోవడం వల్ల చూసి రాసుకున్నాడంతే. మగపిల్లల దగ్గర ఎక్కువగా డబ్బు అడుగుతారు. ఆడపిల్లలనైతే ఇంకా ఫొటోలు పంపమంటారు.

అయితే ప్రతిసారీ బయటివాడే అనుకోవద్దు. అదే బెంచీలో కూర్చునే క్లాస్‌మేట్ కూడా 'జోక్' పేరుతో ఫొటో మార్ఫింగ్ చేసి గ్రూపుల్లో తిప్పొచ్చు. చేసింది మైనర్ అయినా కేసు ఉంటుంది.. కాకపోతే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది.

పిల్లలు చెప్పారు.. ఇప్పుడేం చేయాలి?

ముందు తిట్టకండి. 'మంచిపని చేశావ్ నాన్నా చెప్పి, ఇక మేం చూసుకుంటాం' అన్న ఒక్క మాట చాలు. తప్పొప్పుల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ రాత్రి పిల్లలను ఒంటరిగా పడుకోనివ్వొద్దు.

డబ్బు పంపొద్దు. ఒకసారి పంపితే ఈ ఇంట్లో డబ్బు రాలుతుందని వాడికి అర్థమైపోతుంది, రేటు పెంచుతాడు. చాట్ డిలీట్ చేయొద్దు. కోపంలో ఫోన్ పగలగొట్టడం, మొత్తం రీసెట్ చేసేయడం లాంటివి అసలే వద్దు. పోలీసులకు ఉపయోగపడే సాక్ష్యం అందులోనే ఉంది.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు చాలామంది ఒక విషయం మర్చిపోతారు. పైన కనిపించే పేరు క్షణంలో మార్చేసుకోవచ్చు. యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింక్, ఫోన్ నంబర్, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ, మెసేజ్ వచ్చిన తేదీ, టైమ్.. ఇవీ కావాల్సినవి. ఇవన్నీ తీసుకున్నాకే ఆ అకౌంట్‌ను రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయాలి. ముందే బ్లాక్ చేస్తే ప్రొఫైల్ మళ్లీ దొరక్కపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. 'మా బావమరిదికి పోలీసుల్లో తెలిసినవాళ్లున్నారు' అని ఆ ఫొటోను వాట్సాప్‌లో పంపకండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అశ్లీల చిత్రాలు పంపడమే కాదు, డౌన్‌లోడ్ చేయడం, వెతికి చూడటం కూడా ఐటీ యాక్ట్ 67బీ కింద నేరం. మొదటిసారికే అయిదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఫోన్‌లో దాచుకోవడం కూడా తప్పేనని 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అందుకే బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీయండి. ఫొటో మాత్రం పిల్లల ఫోన్‌లో ఎలా ఉన్నది అలాగే వదిలేసి ఫోన్ పోలీసులకు చూపించండి.

ఒక్కసారి ఫార్వర్డ్ చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. సోషల్ మీడియా కంపెనీలు తమ దగ్గర పట్టుకున్న ఇలాంటి కంటెంట్ వివరాలను అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థకు ఇస్తాయి. 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన దేశానికి సంబంధించినవి అక్కడి నుంచి ఎన్‌సీఆర్‌బీకి, ఇక్కడి నుంచి రాష్ట్రాల పోలీసులకు వస్తున్నాయి.

ఫిర్యాదు ఎక్కడ?

డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అకౌంట్‌లో ఆగే ఛాన్స్ అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలే నేరుగా మాట్లాడాలనుకుంటే 1098 ఉంది. తెలంగాణలో షీ టీమ్స్, ఏపీలో శక్తి టీమ్స్ కూడా ఉన్నాయి.

'స్టేషన్‌కు వెళ్తే పరువు పోతుంది' అన్న మాట దగ్గరే చాలా కుటుంబాలు ఆగిపోతాయి. పోక్సో చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. పిల్లల స్టేట్‌మెంట్ ఇంట్లోనే, లేదా వాళ్లు కోరుకున్న చోట తీసుకోవాలి. వచ్చే ఆఫీసర్ యూనిఫామ్‌లో ఉండకూడదు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా ఆఫీసరే రావాలి. పేరు, ఊరు, స్కూల్ ఏదీ మీడియాలో రాకూడదు, మా లాంటి చానళ్లకూ ఇదే రూల్. మగపిల్లలకూ ఈ చట్టం వర్తిస్తుంది. ఇది తెలియని తల్లిదండ్రులు ఇంకా ఎందరో.

ఇక ఫొటో బయటకు వెళ్లకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సర్వీస్ ఉంది. దీన్ని 2023లో ఎన్‌సీఎంఈసీయే తెచ్చింది. ఫొటోను ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటివి ఆ కోడ్‌తో సరిపోయే ఫొటోను గుర్తించి తీసేస్తాయి. వాట్సాప్ చాట్లలో మాత్రం ఇది పనిచేయదు.

స్కూల్ 'మాలో మనం' అంటే కుదరదు

ఇలాంటివి జరిగినప్పుడు కొన్ని స్కూళ్లు ఇద్దరు పిల్లల పేరెంట్స్‌ను పిలిచి, రాజీ చేసి పంపేస్తాయి. ఇంకొన్ని చోట్ల బాధపడ్డ అమ్మాయికే టీసీ తీసుకోమని సలహా ఇస్తారు. ఇది చట్టరీత్యా కుదరదు. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందేనని పోక్సో సెక్షన్ 19 అంటోంది. తమ కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని దాస్తే సంస్థ బాధ్యులకు ఏడాది వరకు జైలు, మిగతావాళ్లు చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. క్లాస్ టీచర్ ఆ ఫొటోను 'ప్రూఫ్' అని ప్రిన్సిపల్‌కు వాట్సాప్ చేయడమూ తప్పే. విన్నది కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇస్తే సరిపోతుంది.

స్కూల్ పేజీల మీదా ఓ కన్నేయాలి. యాన్యువల్ డే ఫొటోల కింద పిల్లల పూర్తి పేరు, క్లాస్, సెక్షన్ రాసి అందరికీ కనిపించేలా పెడుతున్నారు. బెదిరించేవాడికి కావాల్సింది సరిగ్గా ఇదే. పేర్లు తీసేయమని అడిగే హక్కు పేరెంట్స్‌కు ఉంది, అడగండి.

అమ్మ ఫోనే అసలు లొసుగు!

ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్స్ 2025 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చాయి. ఇందులో అకౌంట్ దానంతట అదే ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ చేయలేరు. పదహారేళ్లలోపు వాళ్లు ఈ సెట్టింగ్స్ సడలించాలంటే పేరెంట్ ఓకే చెప్పాలి. బాగానే ఉంది. కానీ మన ఇళ్లలో జరిగేదేంటి? పిల్లలు వాడేది అమ్మ ఫోన్, అమ్మ అకౌంట్. యాప్ లెక్కలో అక్కడ రీల్స్ చూస్తున్నది 38 ఏళ్ల మహిళ. లేదంటే అకౌంట్ తెరిచేటప్పుడు అన్నయ్యే 2000లో పుట్టినట్టు కొట్టేస్తాడు. దాంతో పిల్లల కోసం పెట్టిన రక్షణలన్నీ ఎగిరిపోతాయి. ముందు ఆ పుట్టిన తేదీ సరిచేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టాలన్నా పిల్లలకు సొంత అకౌంట్, అందులో అసలు వయసు ఉండాలి.

మరి ఘటన జరిగాక ఫోన్ లాక్కోవాలా? సాక్ష్యం కోసం కొన్నాళ్లు పక్కన పెట్టాల్సి రావొచ్చు. అలాంటప్పుడు 'ఇది శిక్ష కాదు, పోలీసులకు చూపించాలి' అని పిల్లలకు చెప్పి, ఫ్రెండ్స్‌తో మాట్లాడుకోవడానికి మీ ఫోన్ ఇవ్వండి. పోర్టల్‌లో ఫిర్యాదు చేశాక వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ మాత్రం రాసి పెట్టుకోండి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో అదే పోర్టల్‌లో ఆ నంబర్‌తో చూసుకోవచ్చు.