టీచర్లూ, జీతం సరే... అందులో బేసిక్ ఎంత?

యూఏఈలోని ఇండియన్ స్కూళ్లలో పనిచేసే మన టీచర్లను నెల జీతం ఎంతని అడిగితే టక్కున చెబుతారు. అందులో బేసిక్ ఎంతంటే మాత్రం చాలామంది కాంట్రాక్ట్ కాగితం వెతుక్కోవాల్సిందే. ప్రవాసులకు ఇక్కడ సర్కారు పెన్షన్ లేదు. స్కూల్ వదిలేటప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీని ఆఖరి బేసిక్ మీదే లెక్కకడతారు.

2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండితే గ్రాట్యుటీకి హక్కు వస్తుంది. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్ ఇవ్వాలి. మొత్తం రెండేళ్ల జీతాన్ని దాటదు. రాజీనామా చేస్తే కోత పడుతుందని పాతవాళ్లు ఇంకా చెబుతుంటారు, అది పాత చట్టం మాట. ఇప్పుడు మీరే మానేసినా కోత లేదు. కాంట్రాక్ట్ ముగిశాక 14 రోజుల్లోగా చెల్లించాలి.

ఒక లెక్క వేసుకుందాం. మీ జీతం 4,500 దిర్హమ్‌లు, అందులో బేసిక్ 2,500 అనుకోండి. మిగతాదంతా ఇంటి అద్దె, రవాణా అలవెన్సులు. 12 ఏళ్లు ఒకే స్కూల్లో చేశారు. రోజు బేసిక్ 83 దిర్హమ్‌ల చిల్లర. మొదటి 5 ఏళ్లకు 8,750, తర్వాతి 7 ఏళ్లకు 17,500, వెరసి 26,250 దిర్హమ్‌లు. మీరేమో 4,500 మీద లెక్కేసుకుని 47,250 వస్తాయని ఇంట్లో చెప్పి ఉంటారు. ఆ నమ్మకంతోనే ఊళ్లో ఇంటికి స్లాబ్ వేయించిన వాళ్లున్నారు. అందుకే ఏటా జీతం పెంచినప్పుడు, పెంచిన సొమ్ము బేసిక్‌లో కలిపారా, అలవెన్స్‌లో వేశారా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

స్కూళ్లు మారేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. నెలకు రెండు మూడు వందల దిర్హమ్‌లు ఎక్కువొస్తాయని నాలుగేళ్లకోసారి మారితే, ప్రతి చోటా సర్వీసు మొదటినుంచి మొదలవుతుంది. 30 రోజుల లెక్క ఎప్పటికీ అందదు. పైన చెప్పిన బేసిక్‌కే మూడు స్కూళ్లలో నాలుగేసి ఏళ్లు చేస్తే మొత్తం వచ్చేది 21,000. పైగా అది మూడు ముక్కలుగా వస్తుంది, మూడుసార్లూ ఏదో ఒక ఖర్చులో కలిసిపోతుంది. మారొద్దని కాదు, పెరిగే జీతంలోంచి ఈ తేడా తీసేసి చూసుకోండి. జీతం లేకుండా పెట్టిన సెలవు రోజులు సర్వీసులోకి రావన్నదీ గుర్తుంచుకోండి.

భర్త వీసా మీద ఉండి, వర్క్ పర్మిట్‌తో పాఠాలు చెప్పే అక్కాచెల్లెళ్లు చాలామందే ఉన్నారు. వీసా ఎవరిదైనా గ్రాట్యుటీ హక్కు మీదే. హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఎక్కువగా ఆయన కంపెనీ పాలసీ మీద ఉంటుంది. ఆయన ఉద్యోగం పోతే ఇంటిల్లిపాదికీ ఒకేసారి పోతుంది.

నా దృష్టిలో టీచర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. యాభై దాటాక, షుగరో బీపీయో వచ్చాక ఇండియాకి తిరిగొస్తారు. అప్పుడు అక్కడ పాలసీ తీసుకుంటే, ముందునుంచే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు. ఇక్కడ ఉద్యోగంలో ఉండగానే ఇండియాలో కుటుంబం మొత్తానికి ఒక పాలసీ తీసుకుంటే, తిరిగొచ్చే నాటికి ఆ గడువు అయిపోతుంది. ఉన్న జబ్బు దాచి తీసుకోకండి, క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్ట్‌తో వచ్చే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. అందులో ప్రమాద మరణానికి 10 లక్షల కవర్ ఉంటుంది. టీచర్లు చదువుకున్నవాళ్లు, మీ పాస్‌పోర్ట్‌కి ఆ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి ఆ బీమా దానంతటది రాదు. ఇంటి భారం మీ మీద ఉంటే విడిగా ఒక టర్మ్ పాలసీ ఉండాలి. గల్ఫ్‌లో ఉంటున్నట్టు దరఖాస్తులో రాయండి. సెలవుల్లో చుట్టం ఏజెంటు తెచ్చే పొదుపు పాలసీ చూడ్డానికి బాగుంటుంది గానీ, కట్టే ప్రీమియంతో పోలిస్తే కవర్ చాలా తక్కువ.

2023 నుంచి ఇక్కడ నిరుద్యోగ బీమా కూడా తప్పనిసరి. బేసిక్ 16,000 లోపు వాళ్లకు నెలకు 5 దిర్హమ్‌లు, పైన వ్యాట్. వరుసగా 12 నెలలు కట్టాక స్కూల్ తీసేస్తే బేసిక్‌లో 60 శాతం చొప్పున మూడు నెలల వరకు ఇస్తారు. మీరే మానేస్తే రాదు. 30 రోజుల్లోపు క్లెయిమ్ పెట్టాలి.

ఇక ఇండియా వైపు. ప్రవాసులు కొత్తగా పీపీఎఫ్ తెరవకూడదు, వచ్చేముందు తెరిచిన ఖాతా ఉంటే 15 ఏళ్లు నిండేదాకా కట్టుకోవచ్చు. ఎన్‌పీఎస్ మాత్రం భారత పౌరులైన ప్రవాసులు ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి కట్టొచ్చు. నెలనెలా పెన్షన్ కావాలనుకునేవాళ్లు ఇది చూడండి.

రాకముందు కరీంనగర్‌లోనో గుంటూరులోనో ప్రైవేట్ స్కూల్లో పనిచేసి, పీఎఫ్ కట్ అయ్యి ఉంటే ఆ ఖాతా వెతకండి. పెన్షన్ పథకంలో మొత్తం 10 ఏళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పెన్షన్ వస్తుంది. అంతకంటే తక్కువైతే డబ్బు తీసేసుకునే బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చి మళ్లీ పీఎఫ్ ఉన్న స్కూల్లో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. యూఏఎన్‌కి ఇచ్చిన ఇండియా సిమ్ రీఛార్జ్ లేక ఆగిపోయి, ఓటీపీ రాక చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. నంబర్ వేరేవాళ్లకు వెళ్లకముందే ఆ సిమ్‌కి రీఛార్జ్ చేయించండి.