కర్షక సేవకులను సన్మానించు విధము

కార్తిక మాసము వచ్చుసరికి మన గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తి తీతలు సాగుచుండును. మిరప తోటలు పూతమీద నుండును. సన్మానసభలకును అదియే ఋతువు. నవంబరు 7వ తేది ఆచార్య రంగాగారి జయంతి. 14 మొదలు 20 వఱకు సహకార వారోత్సవములు. డిసెంబరు 23వ తేది చౌధురి చరణసింగుగారి జన్మదినము. దానిని దేశమంతటను రైతు దినముగా జరుపుచున్నారు. ఈ దినములలో సంఘముల ముంగిట పందిళ్లు వేసి, పూలమాలలు, శాలువలు సమర్పించుట పరిపాటి. ఇది తప్పని మేమనము. మేలు చేసినవారిని మఱచిన ఊరికి మేలు చేయువారు కఱవగుదురు. కాని యెవరిని, ఏల, ఏ విధమున సన్మానింపవలెనో కర్షక సోదరులు ఆలోచింపవలెనని మా మనవి.

ముందుగా రంగాగారి మాట చెప్పుదము. గోగినేని రంగనాయకులుగారు 1900వ సంవత్సరమున నిడుబ్రోలులో రైతు కుటుంబమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డునకు బోయి అర్థశాస్త్రము చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. ఆ చదువుతో పట్టణమున సుఖముగా నుండగలిగియు, పల్లెల దారి పట్టి, రైతుల అప్పులను, శిస్తుల భారమును, జమీందారీ గ్రామముల యిడుమలను విచారించిరి. నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నెలకొల్పి, పల్లె యువకులు తమ కష్టమును తామే సభలలో చెప్పుకొనగలుగునట్లు తీర్చిదిద్దిరి. 1936లో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభను స్థాపించిన వారిలో వీరొకరు.

1959లో నాగపూరు కాంగ్రెసు సభయందు భూములను గలిపి ఉమ్మడిగా సాగుచేయవలెనను తీర్మానము వచ్చినప్పుడు చరణసింగుగారును, రంగాగారును దానిని వ్యతిరేకించిరి. రంగాగారు కాంగ్రెసును వీడి, ఆ యేడే వెలసిన స్వతంత్ర పక్షమునకు అధ్యక్షులైరి. రైతు తన పొలమునకు తాను యజమానిగా నుండవలెనని వారి పట్టుదల. నేడు మన సంఘ సభ్యుడు తన చేను తానే దున్నుకొనుచు, అప్పునకును, ఎరువునకును తోటివారితో గలిసి నడచుచున్నాడు. ఈ స్థితి విలువ ఆ వాదము వినిన పెద్దలకు తెలియును.

1991లో వారికి పద్మవిభూషణ బిరుదము వచ్చెను. 1995లో వారు దివంగతులైరి. మఱుసటి యేడు, 1964లో స్థాపితమైన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి. దాని ప్రధాన కార్యాలయము నేడు గుంటూరు చెంత లాంలో నున్నది. శాలువ చినిగిపోవును, ఆ పేరు గల శాలలో ఏటేటను రైతుబిడ్డలు చదువుకొని వచ్చుచున్నారు. సన్మానమన నిట్టిది.

ఇక విత్తనమిచ్చినవారి మాట. 2024లో ప్రభుత్వము చరణసింగుగారితో పాటు శాస్త్రజ్ఞుడు స్వామినాథనుగారికిని మరణానంతరము భారతరత్న బిరుదము నొసగెను. కాని 1970లో సూరతు పరిశోధన క్షేత్రమున హైబ్రిడ్-4 ప్రత్తిని రూపొందించిన సి.టి. పటేలుగారి పేరు మనలో నెందఱెఱుగుదురు? ప్రపంచమున వ్యాపారార్థము సాగైన మొదటి సంకర ప్రత్తి అదియే.

అయితే కొత్త విత్తనము వెంట కొత్త కష్టమును వచ్చును. 1980 దశకమున తెల్లదోమ మన ప్రత్తి చేలను పాడుచేసెను. పైరిత్రాయిడు మందులను మితిమీఱి కొట్టుటచే మిత్రకీటకములు నశించి, దోమ పెచ్చు పెరిగెను. పంటయు పోయి, మందుల అప్పును మిగిలి, కొన్ని ఇండ్లలో దీపములే ఆఱిపోయెను.

2021లో కొత్త తామరపురుగు మిరప పూతలో దూరినప్పుడు ఆ పాఠమును మేమే మఱచితిమి. ఒప్పుకొనుటకు సిగ్గుపడము. రైతు కన్నీరు చూడలేక వారమున కొక మందు పేరు చెప్పితిమి. ఆ యేడు ఒక గ్రామమున ఒక చిన్న రైతు మాత్రము, ప్రతి పిచికారికి ముందును, రెండు దినముల పిమ్మటను పది పూలు కోసి, తెల్లకాగితముపై దులిపి, పురుగులను లెక్కించి, మందు ఖర్చుతో సహా పుస్తకమున వ్రాసికొనెను. నాలుగవసారి కూడ లెక్క తగ్గకుండుట చూచి మందు మానెను. నీలిరంగు జిగురు అట్టలు కట్టి, వేపనూనె కొట్టి, నత్రజని తగ్గించెను. అతని పంటయు చాలవఱకు పోయినది, దాచిపెట్టలేదు. కాని మందుల దుకాణమున అతని బాకీ పెరుగలేదు. రామాలయపు అరుగుమీద ఆ పుస్తకము చదివి వినిపింపగా పలువురు మందు కొట్టుట నిలిపిరి. ఆ యేటి సభలో శాలువ మాకు కప్పిరి! అతడు వెనుక వరుసలో కూర్చుండెను.

సామాన్య రైతును సన్మానించుట మన జిల్లాకు కొత్త గాదు. కొర్నెపాడు వాస్తవ్యులు, 2019లో పద్మశ్రీ బిరుదాంకితులు యడ్లపల్లి వెంకటేశ్వరరావుగారు, శాస్త్రజ్ఞులు ఐ.వి. సుబ్బారావుగారి పేర నెలకొల్పిన రైతునేస్తం పురస్కారములు రైతులకును అందినవి. ఆ త్రోవ మన సంఘములకును తగినది.

కావున సంఘ పాలకవర్గములకు మా సూచనలు మూడు. ఒకటి: సన్మానింపబడువారి సేవ నొక పుటలో వ్రాయించి మహాసభలో చదివింపుడు, వ్రాయుటకేమియు లేనియెడల సన్మానమును మానుడు. రెండు: మాలలకగు వ్యయముతో మంచి విత్తనము కొని, ఆ పెద్దల పేర ఒక చిన్నరైతు చేనిలో ప్రదర్శన సాగు చేయింపుడు. మూడు: ఏటేట ఒక్క రైతునైనను, అధిక దిగుబడికి గాక, తన లాభనష్టములను దాచక పదిమందికి చెప్పినందులకు వేదిక యెక్కింపుడు.

ఈ యేటి సభకు పిలుపు వచ్చినచో మేము వత్తుము. శాలువ మాత్రము ఆ వెనుక వరుసలోనివారికి.