ముచ్చట పెడితే మాటలొస్తాయ్

పసిపిల్లలకు మాటలు నేర్పడానికి కొనాల్సిందేమీ లేదు. కూర తరిగేటప్పుడు, నీళ్లు పోసేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ముచ్చట పెడితే చాలు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాటి కందుకూరు వైపు వెళ్తుంటే ఒకపక్క వెంచర్ల బోర్డులు, ఇంకోపక్క ఇంకా మిగిలిన కూరగాయల మళ్లు కనిపిస్తాయి. చలికాలం పొద్దున ఇక్కడి పల్లెల్లో అరుగు మీద చాట పెట్టుకుని అనపకాయలు ఒలిచే అవ్వలు ఉంటారు. పక్కన ఏడాదిన్నర మనవరాలు ఉంటే ముచ్చట దాదాపు ఇలా సాగుతుంది. పిల్ల గంపలోని సొరకాయ వైపు వేలు చూపి "గదీ" అంటుంది.

"గదా? గది ఆనిగెపుకాయ. పట్టుకో బిడ్డా, బరువుందా?"

పిల్ల రెండు చేతులూ వేసి ఎత్తబోతుంది. కాయ కదలదు. "బయ్యు" అంటుంది.

"అవు బిడ్డా, మస్తు బరువుంది. తాత తెచ్చిండు."

అవ్వ ఇక్కడ "బరువు అను, సరిగ్గా అను" అని వెంటపడలేదు. పిల్ల చూపు ఎక్కడుందో అక్కడే మాట అందుకుంది. అడిగాక, పిల్ల తనంతట తాను నోరు తెరిచేదాకా ఆగింది. సగం పలికిన మాటను నిండుగా పలికి, దానికి ఇంకో వాక్యం చేర్చి తిరిగి ఇచ్చింది. మాటలు ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులకు స్పీచ్ థెరపిస్టులు నేర్పించేది కూడా ఇదే. మన ఇళ్లలో పెద్దవాళ్లకు అది ఎవరూ చెప్పకుండానే వచ్చింది. ఆ తీరిక మాత్రం ఇప్పుడు తగ్గిపోతోంది.

ఎన్ని మాటలు విన్నారన్నది ఒక్కటే కాదు

1995లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని కాన్సస్‌లో 42 కుటుంబాలను చూసి ఒక లెక్క చెప్పారు. పేదింటి పిల్లలు బడికి వెళ్లే వయసు రాకముందే, కలిగినవారి పిల్లల కంటే మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని. ఆ లెక్క ప్రపంచమంతా పాకింది. పేద తల్లులకు మాట్లాడటం రాదన్నట్టుగా దాన్ని వాడినవారూ ఉన్నారు. 2018లో డగ్లస్ స్పెర్రీ బృందం దాన్ని గట్టిగా ప్రశ్నించింది. తల్లి మాటలతో ఆగకుండా, బిడ్డను చూసుకునే మిగతావారి మాటలనూ, పక్కన నడిచే ముచ్చట్లనూ కలిపితే ఆ తేడా అంతగా నిలవదని చెప్పింది. నాయనమ్మ, మేనత్త, పక్కింటి పెద్దమ్మ చేతుల్లో పెరిగే మన పిల్లలకు ఈ రెండో లెక్కే దగ్గర.

అదే 2018లో ఎంఐటీకి చెందిన రేచల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 36 మందిని పరిశీలించింది. పెద్దలు గుక్కతిప్పుకోకుండా ఎన్ని మాటలు కురిపించారన్న దానికంటే, పెద్దలూ పిల్లలూ ఎన్నిసార్లు ఒకరి మాటకొకరు బదులిచ్చుకున్నారన్నదే మెదడులో భాషకు సంబంధించిన భాగాల చురుకుదనంతో ఎక్కువ ముడిపడి ఉందని తేల్చింది. టీవీ, ఫోను మాటలు కురిపించగలవు, "బయ్యు"కి బదులివ్వలేవు. ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండేళ్ల తర్వాత కూడా రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

పనిలో పుట్టే మాటలు

బొమ్మల కార్డులు చాలావరకు వస్తువుల పేర్లే నేర్పుతాయి. ఆపిల్, బంతి, ఏనుగు. వాక్యాన్ని నడిపించేది మాత్రం క్రియ. పిండి జల్లించడం, బియ్యం చెరగడం, బట్ట పిండడం, దులిపి తీగ మీద ఆరేయడం, మడతపెట్టడం... ఇవి కార్డు మీద బొమ్మ చూస్తే రావు. చిన్న తువ్వాలు పిల్ల చేతికిచ్చి "పిండు, ఇంకా పిండు, చూడు నీళ్లు కారుతున్నయ్" అంటే చేయీ చెవీ కలిసి నేర్చుకుంటాయి. తడి, పొడి అన్న తేడా అక్కడే తెలుస్తుంది. స్నానం చేయించేటప్పుడు చెవి, మెడ, మోచేయి, మడమ. కిరాణా కొట్టుకు వెళ్లేటప్పుడు ముందు, వెనక, పక్కన. రోడ్డు మీద పిల్ల "బస్సు" అంటే "అవు, ఎర్ర బస్సొచ్చింది, మనం ఎక్కుదామా?" అనాలి. పని కాస్త ఆలస్యమవుతుంది, ఇల్లు చిందరవందర అవుతుంది. అంతకంటే నష్టమేమీ లేదు.

ఏ భాషలో మాట్లాడాలి అని చాలామంది అమ్మలు అడుగుతారు. ఇంట్లో ఏది ధారాళంగా వస్తే అందులోనే. తండాలో అమ్మను యాడీ అని పిలిచే పిల్లకు ముచ్చట్లన్నీ లంబాడీలోనే జరగాలి. తెలుగు అంగన్‌వాడీలో, వాడలో ఎలాగూ వస్తుంది. తమకే తడబడే ఇంగ్లిషులో పిల్లలతో మాట్లాడే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది. "కమ్, సిట్, ఈట్" దగ్గర సంభాషణ ఆగిపోతుంది. కథ చెప్పాలంటే, బుజ్జగించాలంటే, ఎందుకో వివరించాలంటే ఆ మాటలు చాలవు.

అంగన్‌వాడీలను నడిపే పథకం 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్. అందులో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండినవారికే. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు తెలంగాణలో బాలామృతం అనే పోషకాహారాన్ని ఇంటికి ఇస్తారు. 2024లో కేంద్రం తెచ్చిన 'నవచేతన' మార్గదర్శకంలో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా, 36 నెలలకు 140 ఆటపాటల పనులు ఉన్నాయి. బాలామృతం ప్యాకెట్‌తో పాటు ఆ నెల ఏ ఆట ఆడించాలో టీచర్ చేసి చూపిస్తే ఎంతో మేలు. అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు అడగండి.

ఇంత చేసినా కొందరికి మాటలు రావు. ఏడాదికి అటూఇటూగా మొదటి మాట, రెండేళ్లకు యాభై దాకా మాటలు, "అమ్మ దా" వంటి రెండు మాటల కలయిక ఉండాలి. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా "వాళ్ల నాయనకూ ఆలస్యంగానే వచ్చినయ్" అని ఊరుకోవద్దు. మొదట వినికిడి పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. వినికిడి, మాట ఆలస్యం వాళ్లు చూడాల్సిన వాటిలోనే ఉన్నాయి. పరీక్ష ఉచితం. అనుమానం ఉంటే ఆ రోజుదాకా కూడా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.