దుఃఖములోనున్న బాలలకు ధైర్యము

గ్రామములో ఒక ఇంటి యజమాని పాముకాటువలననో, కరెంటు తగిలియో మరణించినప్పుడు పంచాయతీ సభ్యులు మొదట చూచునవి అంత్యక్రియలు, మరణ ధ్రువపత్రము, ప్రభుత్వ సాయము. ఇవి అవసరములే. కాని అరుగు చివర కూర్చున్న ఎనిమిదేండ్ల బాలుని ఎవరును పలుకరింపరు. పలుకరించినను, "మగపిల్లవాడవు, ఏడువరాదు; ఇక ఇంటికి పెద్దదిక్కువు నీవే" అని వెన్నుతట్టి పోవుదురు. ఈ మాట సదుద్దేశముతో చెప్పినదే. అయినను దానివలన బాలునకు ధైర్యము కలుగదు; దుఃఖమును దాచుకొనుట మాత్రము అలవడును.

దాచిన దుఃఖము వేరు రూపమున బయటపడును: కడుపునొప్పి, పక్క తడుపుట, బడికి పోననుట, తోటివారితో కలహము. దీనిని మొండితనమని ఎంచి దండించుట తగదు. ఇప్పుడే ఏడ్చిన పిల్లవాడు మరుక్షణమున గోళీలాటకు పరుగెత్తవచ్చును. తండ్రి పోయిన బాధ వీనికి లేదని బంధువులు అనుకొందురు. అది పొరపాటు. బాలలు దుఃఖమును కొంచెము కొంచెముగా మోయుదురు.

మరణవార్తను సూటిగా, మృదువుగా చెప్పవలెను. "నాన్న ఊరికి వెళ్ళినాడు" అనిన బిడ్డ వీధివాకిట ఎదురుచూచుచుండును. "నిద్రపోయినాడు" అనిన రాత్రి నిద్రకే భయపడును. అయిదేండ్ల లోపు పిల్లలకు చనిపోయినవారు తిరిగి రారను ఊహ సాధారణముగా ఉండదు. అందుచేత ఒకే ప్రశ్నను పలుమార్లు అడుగుదురు. విసుగక ప్రతిసారియు అదే సమాధానము చెప్పవలెను. మరికొందరు తాము మాట విననందుననే నాన్న చనిపోయినాడని లోలోపల కుములుచుందురు. మెల్లగా అడిగిననే గాని ఈ సంగతి బయటికి రాదు. నీ తప్పేమియు లేదని వారికి స్పష్టముగా చెప్పవలెను.

తల్లి పిల్లలముందు కంటతడి పెట్టరాదని కొందరు పెద్దలు శాసింతురు. "నాకును బెంగగానున్నది, అయినను నీకు అన్నము పెట్టుదును, నీతోనే ఉందును" అని ఆమె చెప్పగలిగినచో, ఏడ్చుచునే నిలబడవచ్చునని బిడ్డ కన్నులార చూచును. తాతయు, మేనమామయు ఇట్లే చెప్పవచ్చును. మగవారు కన్నీరు పెట్టినంతమాత్రమున ఇంటి గౌరవమునకు భంగము రాదు.

కర్మలకు బాలుని బలవంతముగా నిలుపుటయు, బలవంతముగా దూరము చేయుటయు మంచిది కాదు. జరుగబోవుదానిని ముందుగా వివరించి, వాని ఇష్టమును అడుగవలెను. పెద్దకర్మ ముగిసి బంధువులు వెళ్ళిన పిమ్మట ఇల్లు నిశ్శబ్దమగును. సభ్యులు తప్పక వెళ్ళవలసినది అప్పుడే.

2022లో వెలువడిన మిషన్ వాత్సల్య మార్గదర్శకముల ప్రకారము అర్హులైన బాలలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయము కలదు. భర్తను కోల్పోయిన తల్లివద్ద పెరుగు బిడ్డలును ఇందు చేరుదురు. గ్రామీణ కుటుంబమునకు వార్షికాదాయ పరిమితి 72,000 రూపాయలు. దరఖాస్తును జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు చేర్చుటలో సభ్యులు తోడ్పడవలెను. బిడ్డ వారములతరబడి తిండి, నిద్ర మానినను, చనిపోవలెనని ఒక్కసారి పలికినను ఆలస్యము చేయక వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. టెలి మానస్ సంఖ్య 14416కు రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును. సాయము అందజేయునప్పుడు మాత్రము బిడ్డను పదిమందిలో నిలబెట్టి ఫోటో తీయింపవలదు.